ప్లాస్టిక్ మొక్కకు తులసిమాల

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు కందిళ్లూ ఎడ్లబండ్లూ ఊహించుకుంటారేమో, అంత వెనక్కి పోనక్కర్లేదు. నేను చెప్పేది చేతిలో స్మార్ట్‌ఫోను, ముఖాన కొత్త గడ్డం, బుర్రలో పెద్దగా ఏమీ లేని రోజుల సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ పూర్తయింది (మూడో ప్రయత్నంలో, కానీ పూర్తయింది). నాందేడ్ పాత బజారులో మాకు గిన్నెల దుకాణం ఉంది. స్టీలు, ఇత్తడి, రాగి అన్నీ దొరుకుతాయి. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర మరాఠీ, హమాలీలతో దక్కనీ హిందీ. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి తిట్టగలగడం మా బాపు (నాన్న) ప్రత్యేకత. ఆ వయసులో ప్రతివాడికీ తానే తెలివైనవాడినన్న నమ్మకం ఉంటుంది కదా, నాకు కాస్త ఎక్కువే ఉండేది. అది ఎలా పోయిందో ఇన్నాళ్లూ బయటివాళ్లెవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పనక్కర్లేదు, వాళ్లు కళ్లారా చూశారు.

ముందు నా మెడ గురించి చెప్పాలి. ఏడో తరగతిలో నాకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే మా నాయనమ్మ (మేమంతా అవ్వ అంటాం) విఠోబాకు మొక్కుకుంది. జ్వరం తగ్గగానే నన్ను పండరిపురం తీసుకుపోయి, ఒక మహారాజు (భజనలు, కీర్తనలు నడిపే గురువును మేమలా అంటాం) చేత నా మెడలో తులసిమాల వేయించింది. మా దగ్గర ఆ మాల వేసుకున్నవాళ్లను మాళకరి అంటారు. మాళకరి మాంసం ముట్టడు, మందు ముట్టడు, మాల తీయడు. ఖర్మకాలి మాల తెగితే, మళ్లీ గుచ్చి మెడలో వేసుకునేదాకా అన్నం, రొట్టె ముట్టకూడదు. ఇన్ని నియమాలున్నాయని నాకెవరూ ముందు చెప్పలేదు. వేసుకుంటావా అని కూడా ఎవరూ అడగలేదు. మెడ వంచమన్నారు, వంచాను. అప్పట్నుంచీ ఏటా ఆషాఢ ఏకాదశికి అవ్వ ఆ పూసల్ని తన చేత్తో కొత్త దారానికి గుచ్చి, వెనక ఎర్ర ఉన్ని పోగుతో ఒక ముడి వేసేది. అటువంటి ముడి మా బజారులో ఇంకెవరికీ రాదు. అమ్మ రెండుసార్లు ప్రయత్నించి దండం పెట్టేసింది. నా తల పెరిగినా మాల కొలత మాత్రం పెరగలేదు. స్నానం చేసినా నిద్రపోయినా అది మెడకు అతుక్కునే ఉండేది.

ఆ సంవత్సరం చలికాలంలో బాపుకు నడుం పట్టేసింది. పూణే వెళ్లి ఇత్తడి సామాను చూసి ఆర్డరు చెప్పి రావాలి. పెళ్లిళ్ల సీజను ముందుంది. ఎప్పుడూ తానే వెళ్లేవాడు, ఆ ఒక్కసారికి కుదరలేదు. నన్ను ఒంటరిగా పంపాలంటే బాపుకు మనసొప్పలేదు. "వీడు ఈ పక్కన ఉమ్రి దాంక పోయి అస్తేనే నాకు భయమైతది, పూనా ఎట్ల పంపాలె?" అన్నాడు నా ముందే. అవ్వ అడ్డం పడింది. "వాని మెడల మాళ ఉన్నదిరా. మాళ ఉన్నోడు ఏడికి పోతే నాకేం ఫికర్? నా మాట మీద పంపు" అంది. బాపు తల్లి మాట తీసెయ్యలేడు. అలా అవ్వ హామీ మీద, ఆమె కట్టిచ్చిన మెంతి రొట్టెల మూటతో, నేను జీవితంలో మొదటిసారి వ్యాపారిలా బస్సెక్కాను. కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకుని మీసం దువ్వుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ మీసం గుర్తొచ్చి మరీ సిగ్గేస్తుంది.

శనివారం ఒక్క పూటలో పనైపోయింది. బిందెలు చూశాను, వేలితో కొట్టి మోత విన్నాను, బరువు అంచనా కట్టాను, బాపు చెప్పిన రకాలే ఆర్డరు చెప్పాను. ఒక్క పొరపాటూ చేయలేదు. ఆ రాత్రి మా మేనమామ కొడుకు గదిలో పడుకున్నాను. వాడు అక్కడ కంప్యూటర్ కంపెనీలో పనిచేసేవాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద కాబట్టి బావ. ఆదివారం వాడికి సెలవు, నా బస్సు సాయంత్రానికి. మధ్యాహ్నం అయ్యేసరికి వాడికి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"అరె బామ్మర్దీ, పూనా దాంక అచ్చి చాయ తాగి పోతవా? ఈడ ఒక జాగున్నది. సొంతంగ బీరు వండుతరు. దుకానంల సీసలల్ల దొరికేది గాదు. ఆడనే గంగాళాలల్ల తయారైతది, ఆడనే తాగుడు" అన్నాడు.

"నాకు మాళ ఉన్నది బావా."

"తీస్తే అస్తది గద."

తొమ్మిదేళ్లలో ఇంత సులువైన మాట నాతో ఎవరూ అనలేదు. నేను జవాబు వెతుక్కుంటూనే వాడి బండి వెనక ఎక్కి కూర్చున్నాను. (వెతికినట్టు గుర్తుంది గానీ, గట్టిగా వెతికానని మాత్రం ప్రమాణం చేయలేను.)

ఆ చోటు చూస్తే నాకు బీరు కన్నా ముందు మా దుకాణం గుర్తొచ్చింది. గాజు గోడ వెనక మనిషి కన్నా రెండింతలు ఎత్తున్న స్టీలు గంగాళాలు, వాటి పక్కన ఒక రాగిది, ధగధగా మెరిసిపోతున్నాయి. మా బల్ల దగ్గరికి గుబురు గడ్డం, నడుముకు తోలు పట్టీలున్న ఆప్రాన్‌తో ఒకాయన వచ్చాడు. వండేది ఆయనేనట. ఏది తాగాలో తెలియనివాళ్లకు చెక్కపలక మీద ఆరు చిన్న గ్లాసులు పెట్టిస్తామని, ఒక్కొక్కటి ఒక్కో రకమని, సగం మరాఠీ సగం హిందీలో ఓపిగ్గా చెప్పాడు. బావ సరే అన్నాడు. ఇక మాల తీయాల్సిన ఘట్టం వచ్చింది. తల మీదుగా లాగితే చెవుల దగ్గర ఇరుక్కుంది. కుడి చెవి మడిచి, ఎడమ చెవి మడిచి, పళ్లు బిగించి మొత్తానికి తీశాను. "జేబుల పెట్టుకో" అన్నాడు బావ. జేబులో తోలు పర్సుంది. తులసిమాలకు తోలు తగలొచ్చా? బల్ల మీద పెడదామంటే తడి. నా మనసెంత పవిత్రమైందో చూడండి, మందు తాగడానికి కూర్చుని మాలకు మైల అంటకుండా చోటు వెతుకుతున్నాను! బల్ల మధ్యలో చిన్న కుండీలో పచ్చటి మొక్క కనిపించింది. తులసి కాకపోయినా మొక్క మొక్కే కదా అని, కళ్లకద్దుకుని దాని కొమ్మకు వేలాడదీశాను. అది ప్లాస్టిక్ మొక్క అని నాకు తర్వాత తెలిసింది.

మొదటి గ్లాసు ఎత్తాను. ఒక గుక్క మింగాను. మింగిన మరుక్షణం నా కుడిచెయ్యి నన్నడక్కుండానే పైకి లేచి నెత్తి మీద రాసుకుంది. చిన్నప్పట్నుంచీ గుడిలో తీర్థం తీసుకున్నాక అరచెయ్యి తలకు తుడుచుకోవడం అలవాటు. చేతికి ఏం తెలుసు, లోపలికి పోయింది ఏ ద్రవమో? బావ కుర్చీలోంచి సగం లేచాడు. "అరె ఏం జేస్తున్నవ్? తీర్థం గాదురా అది!" అన్నాడు. పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు ఆడపిల్లలు నవ్వారు. గడ్డం సారు మాత్రం నవ్వలేదు. నా తల వంకా, మొక్కకు వేలాడుతున్న మాల వంకా ఒకసారి చూసి లోపలికి వెళ్లాడు.

రుచి సంగతి అడుగుతారేమో. గోధుమలదట మొదటిది, పులిసిన దోసెపిండి కడిగిన నీళ్లలా ఉంది. మామిడిపండుదట రెండోది, అందులో మామిడిపండు ఎక్కడో దాక్కుంది. నల్లగా ఉన్న మూడోది మాడిన జొన్నరొట్టె వాసన. నాలుగోది కాకరకాయ. ఐదు, ఆరు నాకు గుర్తు లేవు. నిజం చెప్పాలంటే ఒక్కటీ బాగాలేదు. కానీ చుట్టూ అందరూ కళ్లు మూసి తెరిచి ఆహా అంటున్నారు. నేను కూడా ప్రతి గ్లాసుకూ కళ్లు మూసి తెరిచి, "ఇది అలగ్ ఉన్నది బావా" అన్నాను. ఆరోది అయ్యాక నాలోని వ్యాపారి లేచాడు. తిన్నగా గాజు తలుపు తోసుకుని లోపలికి పోయి, ఆ పెద్ద గంగాళాన్ని మడిచిన వేళ్లతో టంగ్ టంగ్‌మని కొట్టి, చెవి ఆనించి విన్నాను. రాగిదానికి లోపల కళాయి పూత వేయించారా అని గడ్డం సారును నిలదీశాను. మీరు మోసపోయారు, ఇంతకన్నా మందం రేకుతో మేము నాందేడ్‌లో చేయించి ఇస్తాం, మా బాపు పేరు చెబితే చాలు అని భరోసా ఇచ్చాను. దుకాణం కార్డు తీసి ఆయన ఆప్రాన్ జేబులో నేనే పెట్టాను. ఆయన ఎంతో మర్యాదగా నన్ను భుజం పట్టి బయటికి నడిపించాడు. బావ నన్ను బండి మీద ఎలా తీసుకెళ్లాడో, బస్సులో ఎలా పడేశాడో వాడికే తెలుసు.

తెల్లవారి బస్సు పర్భణీ దాటాక మెలకువ వచ్చింది. తల బరువుగా ఉంది. అలవాటుగా మెడ మీదికి చెయ్యి పోయింది. వట్టి మెడ తగిలింది. చొక్కా లోపల వెతికాను, స్లీపర్ బెర్తు పరుపు కింద వెతికాను, సంచీ మొత్తం బోర్లించాను. అవ్వ రొట్టెల మూట కట్టిన గుడ్డ బయటపడింది గానీ మాల లేదు. అప్పుడు కళ్ల ముందు ఆ పచ్చటి మొక్క కనిపించింది. నాందేడ్ ఇంకో గంటన్నర దూరంలో ఉంది. ఆ గంటన్నరలో నేను నిజం చెప్పే ధైర్యం తెచ్చుకుని ఉండాల్సింది. దానికి బదులు ఒక అబద్ధం తయారుచేశాను, మంచి గట్టి సరుకు అనుకున్నాను.

ఇంట్లో అడుగుపెట్టగానే బాపు బిందెల గురించి అడిగాడు. అన్నీ సరిగ్గా చెప్పాను. "మంచిగనే చేసినవ్" అన్నాడు. మా బాపు నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. నేను సంతోషించేలోపు అవ్వ దగ్గరికొచ్చింది. ముందు నా ముఖం చూసింది, తర్వాత మెడ చూసింది.

"మాళేది బిడ్డా?"

"తెగిందవ్వా. బస్సుల పడుకున్న గద, ఏడనో తట్టుకున్నది. పూసలన్ని కింద పడ్డయ్. చీకట్ల ఒక్కటి సుత దొర్కలే" అన్నాను. గొంతు కూడా కాస్త వణికించాను.

తిడుతుందనుకున్నాను. నిజానికి తిట్ల కోసమే సిద్ధపడ్డాను. అవ్వ రెండు చేతులతో నా ముఖం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీకేం దెబ్బ తగల్లే గద? నీ మీదికి అచ్చింది మాళ మీదికెల్లి పోయింది కొడుకా. విఠోబా అడ్డం పడ్డడు" అంది. కళ్లలో నీళ్లు పెట్టుకుంది. "ఏకాదశికి మహారాజు మనింటికి భజనకు అస్తడు. ఆయన చేత్తోనే కొత్త మాళ వేపిద్దం. అప్పటిదాంక నువ్వు అన్నం ముట్టద్దు గని, దూరం పోయచ్చినవ్, ఆకలి మీదున్నవ్. నువ్వు తిను బిడ్డా. నీ బదులు నేనుంట."

ఆ రోజు సోమవారం. ఏకాదశి శుక్రవారం.

"అద్దవ్వా" అన్నాను. గట్టిగానే అన్నాను, కానీ ఎందుకు వద్దో చెప్పాలి కదా, అది చెప్పలేదు. అవ్వ అప్పటికే పొయ్యి దగ్గర కూర్చుని నా కోసం జొన్నరొట్టె కొడుతోంది. డెబ్బై దాటిన మనిషి, అన్నం మానేసి, నా కంచంలో వేడి వేడి రొట్టె వేసి, వంకాయ కూర వడ్డించి, ఇంకోటి తినమని బతిమాలుతోంది. తిన్నాను. సిగ్గులేకుండా మూడు రొట్టెలు తిన్నాను. ముందు రోజు ఆరు గ్లాసుల వల్ల ఆకలి దంచేస్తోంది మరి.

మంగళవారం నాటికి ఇది బజారంతా పాకింది. మనవడి మాల తెగితే ముసలమ్మ బువ్వ మానేసిందట, పాలు, రెండు అరటిపళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదట అని వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఎదురు దుకాణం కాకు (మరాఠీలో పిన్ని) నా తల నిమిరి, "ఏం పున్నెం చేస్కున్నవురా, గిసొంటి అవ్వ దొర్కింది" అంది. నేను తల వంచుకున్నాను. అదీ వినయమనే అనుకున్నారు. మధ్యాహ్నం గుడి ముందు దుకాణంలో ఒక కొత్త మాల కొనుక్కొచ్చి, "ఇది వేసుకుంటనవ్వా, నువ్వు తిను" అన్నాను. "దుకానంల కొన్నది దండైతది గని మాళ ఎట్లైతదిరా? మహారాజు చెయ్యి పడాలె" అని పక్కన పెట్టేసింది. అప్పుడు నాకు తట్టింది, మహారాజు చెయ్యి పడిన మాల ఒకటి పూణేలో ప్లాస్టిక్ కొమ్మకు వేలాడుతోంది కదా అని. దుకాణం వెనక ఖాళీ డబ్బాల మధ్య నిలబడి బావకు ఫోను చేశాను. "ఆగు, రేపు పొద్దుగాల ఆఫీసుకు పోయేటప్పుడు పోయి చూస్త" అన్నాడు.

బుధవారం ఉదయం అవ్వ దేవుడి గూటి దగ్గర దీపం పెట్టి లేస్తూ, కళ్లు తిరిగి గడప పట్టుకుని కూలబడింది. అమ్మ నీళ్లు చల్లింది. బాపు నడుం నొప్పి మరిచి లేచొచ్చి కేకలేశాడు. "వీడేమో గాడిద లెక్క తింటుండు, నువ్వు ఎండుతున్నవ్. ఇదేం భక్తి అమ్మా, బంద్ చెయ్యి!" అన్నాడు. అవ్వ నవ్వింది. "ఇంక రెండు పొద్దులే గదరా, వాని పానం కన్న ఎక్కువనా?" అంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. బాపు అన్న "మంచిగనే చేసినవ్" గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. ఈ కథలో నేను చేసిన పనులన్నిటికీ నవ్వొస్తుంది గానీ ఆ ఒక్క నిమిషానికి ఇప్పటికీ నవ్వు రాదు. ఆవిడ గడప పట్టుకుని ఉంది, నేను చూస్తూ నిలబడి ఉన్నాను.

ఒక గంటకు బావ ఫోను వచ్చింది. మాల దొరికింది, గడ్డం సారు తన కౌంటరులో గణపతి ఫోటోకు వేసి ఉంచాడట. ఫోను ఆయన తీసుకున్నాడు. "దాదా, తుమ్హీచ్ నా తే, టాకీ వాజవణారే?" అన్నాడు. ఆ గంగాళం వాయించినవాడివి నువ్వేగా అని. అవునన్నాను. "ఘరీ కోణీ ఉపాశీ ఆహే కా?" అని అడిగాడు. ఇంట్లో ఎవరైనా పస్తున్నారా అని. వాళ్ల ఆజీ, అంటే అవ్వ, కూడా మాళకరేనట. మాల చూసినప్పట్నుంచీ ఎవరింట్లో ఎవరు అన్నం మానేసి కూర్చున్నారో అని తనకు మనసు కుదురుగా లేదన్నాడు. కార్డు మీద నంబరుకు చేద్దామనుకుని, ఫోను ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఎత్తితే నాకు ఇబ్బందని ఆగాడట. బీరు వండే మనిషికి తెలిసింది, మాల వేసుకుని తొమ్మిదేళ్లు తిరిగిన నాకు తెలియలేదు. ఆ సాయంత్రం ట్రావెల్స్ బస్సులో పార్సిలు పెట్టించారు.

గురువారం పొద్దున్నే బస్సు ఆఫీసుకు పోయి తీసుకున్నాను. బీరు గ్లాసు బొమ్మ వేసిన కాగితం సంచీలో, అదే బొమ్మ ఉన్న నాప్‌కిన్‌లో చుట్టి పంపాడు బావ, మహానుభావుడు. నేను తక్కువవాడినా? సంచీని ముక్కలు ముక్కలుగా చింపి మోరీలో పారేశాను. నాప్‌కిన్‌ను ఇంకో వీధిలో పడేశాను. మాలను మూడుసార్లు వాసన చూశాను, వీధి కుళాయి కింద కడిగాను, చొక్కాతో తుడిచాను. సాక్ష్యమన్నదే లేకుండా చేశానని గర్వపడుతూ ఇంటికి పరిగెత్తాను. అవ్వ మంచం మీద పడుకుని ఉంది. అమ్మ, బాపు, పాలు పోయడానికొచ్చిన ఎదురు దుకాణం కాకు, అందరూ అక్కడే ఉన్నారు.

"అవ్వా, దొర్కింది! నీ మాళ దొర్కింది! బస్సోళ్లు ఊడుస్తుంటె దొర్కిందని పంపిండ్రు. ఇగ లే, అన్నం తిను!" అని అరిచాను.

అవ్వ లేచి కూర్చుంది. ముఖం వెలిగిపోయింది. మాలను రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. తర్వాత అలవాటుగా పూసలు ఒక్కొక్కటే వేళ్లతో జరుపుకుంటూ పోయింది. ఎర్ర ఉన్ని పోగు దగ్గర వేలు ఆగింది.

"ఇది నా ముడి" అంది.

"నీదే అవ్వా! గా ముడి ఇంకెవలికస్తది?" అన్నాను ఉత్సాహంగా. (నాకింకా వెలగలేదు. డిగ్రీ మూడుసార్లు ఊరికే రాయలేదు.)

"తెగలే" అంది అవ్వ మెల్లగా. "దారం ఉన్నది. ముడి ఉన్నది. పూసలన్ని ఉన్నయ్. ఇది తెగలే బిడ్డా. తీసినవ్."

కాకు పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంచీ చింపాను, నాప్‌కిన్ పారేశాను, మాల కడిగాను. తెగిందని చెప్పిన మాలను తెగకుండా తెచ్చి, పరుగెత్తి మరీ చేతిలో పెట్టాను. ఇక దాచడానికి ఏం మిగిలింది? మొత్తం చెప్పేశాను. బావ బండి, చెక్కపలక, ఆరు గ్లాసులు, ప్లాస్టిక్ మొక్క, నెత్తికి రాసుకున్న చెయ్యి, వాయించిన గంగాళం, ఇచ్చిన కార్డు, అన్నీ. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. బాపు చెయ్యెత్తాడు. అవ్వ వద్దన్నట్టు తలూపింది. ఎత్తిన చెయ్యి దించలేక, కొట్టలేక, కోపంతో ఊగిపోతూ, "మా దుకానం కార్డు సుత ఇచ్చినవారా బద్మాష్? టాకీ సుత కొట్టి చూసినవా?" అన్నాడు. ఒక క్షణం ఆగి, "రేకు ఎంత గేజున్నది?" అన్నాడు. ఏం చేస్తాడు పాపం, వ్యాపారం రక్తంలో ఉంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అవ్వ మాత్రం నన్నే చూస్తోంది.

"మంచిగుండెనా?" అని అడిగింది.

"లేదవ్వా. చేదు."

"ఆరు?"

"ఆరుకు ఆరు చేదే."

"ఓరి నీ చేతులిరగ!" అంది. ముందు నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ముఖం గోడవైపు తిప్పుకుంది. "చేదు దాని కోసం మూడొద్దులు నన్ను ఎండబెట్టినవ్. నిన్న గడపల పడ్డప్పుడన్న చెప్పకపోతివి కొడుకా" అంది. నాకు బాపు కొట్టినా బాగుండేది.

కాసేపటికి ఇటు తిరిగింది. "ఆకలైతుంది. రొట్టె చెయ్" అంది. అమ్మ లేవబోయింది. "నువ్వు కూసో కోడలా. వాడు చేస్తడు. మూడొద్దులు వాని బదులు నేనున్న గద, ఇగ మూడొద్దులు నా రొట్టె వాడే కొట్టాలె" అంది.

జొన్నరొట్టె కొట్టడం చూసినంత తేలిక కాదు. జొన్నపిండికి సాగే గుణం లేదు. వేడినీళ్లు పోసి అరచేతి మొదలుతో బాగా మర్దించాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. పళ్లెంలో పిండి చల్లి, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో కొడుతూ పలచగా చేయాలి. నేను కొట్టిన మొదటిది పళ్లెం వదలనంది. రెండోది గాల్లో రెండుగా విడిపోయింది. మూడోది పెనం మీదికి చేరింది గానీ ఒక పక్క మాడి, ఇంకో పక్క పచ్చిగా, అంగుళం మందాన తయారైంది. కాకు వెళ్లి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వంటింటి గుమ్మంలో జనం. "గిన్నెల దుకానపోడు, పెనం పట్టుడు రాదు చూడు" అన్నారెవరో. చేతులు కాలి ఎర్రబడ్డాయి. ఆ మూడో రొట్టెను అవ్వ మిర్చి ఠేచా పచ్చడితో నమిలి నమిలి, ముక్క వదలకుండా తింది. "అంచు పగిలింది" అని మాత్రం అంది.

శుక్రవారం మహారాజు వచ్చాడు. మాల వేద్దామని కూర్చుంటే, "వానికి ఇప్పుడే అద్దు మహరాజ్" అంది అవ్వ. కారణం చెప్పలేదు. ఆయన అడగలేదు. (ఏకాదశి కాబట్టి అవ్వకు ఆ రోజు మళ్లీ ఉపవాసమే. ఆ ఒక్క ఆకలి మాత్రం నా పుణ్యం కాదు.) శనివారం రొట్టె అంచు కాస్త నిలిచింది. ఆదివారం ఒకటి పెనం మీద పొంగింది. నేను గట్టిగా కేక వేశాను, బాపు కూడా వచ్చి చూశాడు. అది తిన్నాక అవ్వ చెయ్యి కడుక్కుని, కొంగుముడి విప్పి ఆ మాల తీసింది.

"అప్పుడు చిన్నోనివి, అడగకుంట ఏసిన. ఇప్పుడు అడుగుతున్న. ఏసుకుంటవా?" అంది.

చాలాసేపు ఆలోచించాను. ఔనంటే ఎంత సంతోషిస్తుందో తెలుసు. "ఇప్పుడు గాదవ్వా" అన్నాను.

అవ్వ ముఖంలో బాధ కనబడింది, దాచుకోలేదు. కానీ తలూపి, "గిది నిజం చెప్పినవ్" అంది. లేచి, దేవుడి గూటి పక్కన మేకుకు ఆ మాలను తగిలించింది.

అవ్వ పోయి ఆరేళ్లయింది. మాల ఇంకా ఆ మేకుకే ఉంది. ముడి ఎవరూ విప్పలేదు, విప్పితే మళ్లీ వేసేవాళ్లు లేరు. నేను మళ్లీ మందు ముట్టలేదు. అందులో గొప్పేమీ లేదు, నాకా చేదు పడదు. దుకాణం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను, పూణేకు ఏటా రెండుసార్లు వెళ్తాను. ఆదివారాలు ఇంట్లో జొన్నరొట్టె నా చేతిదే. పలచగా, గుండ్రంగా, అంచు పగలకుండా వస్తుంది. మా ఆవిడ తన పుట్టింటివాళ్ల దగ్గర ఇదొక్కటే నా గురించి గొప్పగా చెప్పుకుంటుంది. మొన్న మా అత్తగారు బోధన్ నుంచి వచ్చినప్పుడు, నాలుగో రొట్టె తుంచుకుంటూ, "ఇంత మంచిగ ఏడ నేర్చుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

పెనం మీది రొట్టె తిప్పుతూ, మేకు వైపు చూడకుండా చెప్పాను.

"పూనాల, అత్తమ్మా."